దీపాలు వెలిగాకే వడ్డన

మా వియ్యపురాలు ప్రభువునందు నిద్రించారన్న సంగతి మా అల్లుడు చెప్పకముందే నాకు అర్థమైంది. అతను పనివేళల్లో ఫోన్ చేసే మనిషి కాదు. చేసినా "అత్తయ్యా, మీటింగ్‌లో ఉన్నారా?" అని మొదలుపెడతాడు. ఆ మధ్యాహ్నం మాత్రం "అత్తయ్యా, భోంచేశారా?" అని అడిగాడు. మన ఇళ్లలో ఆ ప్రశ్నకు రెండే సందర్భాలుంటాయి. ఒకటి మామూలు పలకరింపు. రెండోది, విన్నాక అన్నం సహించని వార్తేదో చేతిలో ఉండటం. అతని గొంతు పలకరింపులా లేదు. తిన్నానని అబద్ధం చెప్పాను. అప్పుడు చెప్పాడు.

నేను మందుల పరిశోధనశాలలో పనిచేస్తాను. తయారైన మందు ఎంతకాలం చెడకుండా నిలుస్తుందో, వేడికీ చెమ్మకూ వెలుతురుకూ ఎలా మారుతుందో పరీక్షించడం నా బాధ్యత. అంటే అనుమానించడమే నా ఉద్యోగం. ఫలితం మరీ చక్కగా వచ్చినా దాన్ని మరోసారి చూడనిదే సంతకం పెట్టను. అలాంటి నాకు, నన్ను మించిన అనుమానపు మనిషి వియ్యపురాలిగా దొరికారు.

ఆవిడ పెరుగును వాసన చూడకుండా గిన్నెలోకి వంపేవారు కాదు. "పొద్దున బానే ఉందని ఇప్పుడూ బానే ఉంటుందా వదినగారూ?" అనేవారు. మా ప్రయోగశాల గోడ మీద రాసి పెట్టుకోదగిన మాట అది. ఫోన్‌లో ఈరోజు ఎండ అని వస్తే కారులో గొడుగు పెట్టుకునేవారు. ఇక్కడ మా పక్క ఊరు ఎడిసన్‌లో ఏ హోటల్‌కి తీసుకెళ్లినా కూర్చోకముందే "వంట ఎవరిది?" అని అడిగి, వడ్డించే కుర్రాడు తడబడితే లేచి నిలబడేవారు. మా ఇద్దరినీ దగ్గర చేసింది ఈ గుణమే. అయితే దానికి ముందు, కొన్ని నెలలపాటు, ఆ గుణాన్ని మేం ఒకరి మీద ఒకరం ప్రయోగించుకున్నాం.

మాది గుంటూరు వైపు, వాళ్లది ఒంగోలు వైపు. ఇద్దరివీ తరతరాల క్రైస్తవ కుటుంబాలే కానీ సంఘాలు వేరు. మా ఆరాధన నెమ్మదిగా, పుస్తకం చూసి సాగుతుంది. వాళ్లది చప్పట్లతో, కన్నీళ్లతో, కంఠం బొంగురుపోయే ప్రార్థనలతో సాగుతుంది. పిల్లలిద్దరూ చదువుకునే రోజుల్లో ఒకరినొకరు చూసుకున్నారు కాబట్టి ఈ తేడాలన్నీ పెద్దవాళ్ల పాలబడ్డాయి. మా వాళ్లకు భక్తి పలచన అని వాళ్ల అనుమానం. వాళ్ల కంటికి మేం ఆనమేమోనని మాది.

పెళ్లి మాటలకు వాళ్లు మొదటిసారి పిస్కాటవేలోని మా ఇంటికి వచ్చింది డిసెంబరులో ఒక శుక్రవారం. ఆవిడ తలకు నూనె రాసుకుని, జడ బిగించి, ముఖాన తేటగా పౌడరు అద్దుకుని పండుగకు వచ్చినట్టు వచ్చారు. టీ ఇచ్చాను. కప్పు చేతిలో పట్టుకుని కబుర్లన్నీ చెప్పారు. టీ మట్టం మాత్రం మారలేదు. మట్టాలు గమనించడం నాకు అలవాటు. మా ఇంట్లో పచ్చి మంచినీళ్లయినా ముట్టదలచుకోలేదా అని మనసులో ఒక ముల్లు దిగింది. మా టౌన్‌హౌస్‌ల ముందున్న పార్కింగ్ లాట్‌లో దీపాలు వెలిగాయి. చలికాలం కదా, ఇంకా సాయంత్రమే. ఆవిడ ఉన్నట్టుండి, "వదినగారూ, ఆకలేస్తోంది. ఏం చేశారో పెట్టేయండి," అన్నారు. పప్పుచారు రెండుసార్లు వడ్డించుకున్నారు. ముల్లు పోయింది కానీ ప్రశ్న మిగిలింది.

వసంతంలో మరో శుక్రవారం రిహార్సల్ డిన్నర్ సంగతి మాట్లాడుకోవడానికి మళ్లీ కూర్చున్నాం. ఆ విందు ఏమిటో మా ఇద్దరికీ అంతుపట్టలేదు. మన వైపు పెళ్లి ముందురోజు ఇంట్లో ప్రార్థన పెట్టుకుని బంధువులకు భోజనం పెడతాం, అంతే. ఇక్కడ పెళ్లి ముందురోజు గుడిలో అందరూ నడిచి చూసుకుంటారనీ, ఆ తర్వాత పెళ్లికొడుకు వాళ్లు విందు ఇస్తారనీ మా అమ్మాయి వివరించింది.

"నడవడానికి రిహార్సలా?" అన్నారావిడ. "పుట్టి ఇన్నేళ్లయింది, నడక రాదా మీకు?"

"నడక కాదు ఆంటీ, టైమింగ్. మ్యూజిక్‌కి మ్యాచ్ అవ్వాలి. మామయ్య నన్ను నడిపిస్తారు కదా, ఆయన చాలా ఫాస్ట్."

ఇక్కడ మా అన్నయ్య సంగతి చెప్పాలి. మా అమ్మాయి చిన్నప్పుడే వాళ్ల నాన్న పోయారు. కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో ఉండే మా అన్నయ్య, దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు, దాని ప్రతి ముఖ్యమైన రోజుకూ వచ్చాడు. బడిలో నాన్నలను పిలిచిన సందర్భాలన్నిటికీ నాన్న కుర్చీలో అతనే కూర్చున్నాడు. పెళ్లిలో దాని చెయ్యి పట్టుకుని నడవాల్సింది అతను తప్ప మరొకరు కాదు.

"శుక్రవారం ఆరింటికి డిన్నర్ పెట్టుకుందాం," అంది అమ్మాయి.

"ఇంకొంచెం ఆలస్యమైతే బావుంటుందేమో," అన్నారు వియ్యపురాలు.

"ఏడు?"

"ఇంకొంచెం..."

"ఆంటీ, ఎనిమిదంటే నా ఫ్రెండ్స్ ఫెయింట్ అయిపోతారు. వాళ్లు ఆరింటికే తినేస్తారు."

ఆవిడ కిటికీ వైపు చూశారు. "జూన్‌లో ఎనిమిదికి ఇంకా వెలుగుంటుందా?"

"ఎనిమిదిన్నర దాకా ఉంటుంది."

"అయితే ఆ తర్వాత పెట్టుకుందాం. పగలు ఎండగా ఉంటుంది కదా."

విందు జరిగే గుడి హాల్లో ఏసీ ఉంటుందని అల్లుడు గుర్తుచేశాడు. అయితే ట్రాఫిక్ తగ్గాక అందరూ నిదానంగా వస్తారన్నారు. చుట్టాలంతా దగ్గర హోటల్లోనే దిగుతారని చెబితే, చీకటి పడితే హాల్లో లైట్లు అందంగా ఉంటాయన్నారు. ఒకే నిర్ణయానికి మూడు కారణాలు, అందులో రెండు నిలబడనివి. మా వృత్తిలో ఇలాంటి నివేదిక వస్తే వెనక్కి పంపుతాం. గురువారం పెట్టుకుందామా అని కూడా అన్నారు. అప్పటికి మా అన్నయ్య విమానం దిగడు. ఆ మాటతో మా అమ్మాయి ముఖం మాడిపోయింది. వియ్యంకుడు మాత్రం కుర్చీలో కదిలి, "ఆవిడ ఇష్టం అండీ. శుక్రవారాలు మా ఇంట్లో వంట ఎప్పుడూ లేటే," అన్నారు. ఆవిడ ఆయన వైపు ఒక చూపు చూశారు.

అన్నయ్యకు ఫోన్‌లో చెప్పాను. అతను అనుమానించడంలో నా అంత నెమ్మది మనిషి కాదు.

"తెలిసిందా ప్లాన్? మనవాళ్లు ఆకలికి ఆగలేక పోతారు. మిగిలినవాళ్లంతా వాళ్ల సంఘమే. ఇక మైక్ వాళ్లది, ప్రార్థన వాళ్లది."

"అంత దూరం ఆలోచించే మనిషి కాదన్నయ్యా."

"నాకు షుగరని తెలుసుగా ఆవిడకి? తెలిసీ తొమ్మిదింటికి భోజనమా? విందులో నేను లేచి టోస్ట్ అని నాలుగు మంచి మాటలు చెప్పేలోపే కళ్లు తిరిగి పడిపోవాలని!"

"నీకు కాలిఫోర్నియా టైమ్ ప్రకారం అప్పటికి ఇంకా ఆరే కదా."

"నా షుగర్‌కి టైమ్ జోన్ తెలీదమ్మడూ. ఒక మాట చెబుతున్నా విను. ఆ వేళకే అయితే నేను శుక్రవారం రాను. శనివారం గెస్ట్‌లాగా వచ్చి వెనక బెంచీలో కూచుంటా. పిల్ల చెయ్యి ఎవరు పట్టుకుంటారో పట్టుకోనీ."

అన్నంత పనీ చేస్తాడని నాకు తెలుసు. తను విసిరే రాయి ఆ పిల్ల మీదే పడుతుందని అతనికి తెలియనిది కాదు. పంతం ముందు తెలివి నిలవదు.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఒకే నమూనా రెండు ఋతువుల్లో రెండు రకాలుగా ప్రవర్తిస్తే మేం ముందుగా నమూనాను తప్పుపట్టం. చుట్టూ ఏం మారిందో చూస్తాం. డిసెంబరులో సాయంకాలమే వడ్డించమన్న మనిషి జూన్‌లో రాత్రిదాకా ఆగమంటున్నారు. రెండూ శుక్రవారాలే. వచ్చిన రెండుసార్లూ తలకు తాజాగా నూనె, చేతిలో తాగని టీ. రెండుసార్లూ చూపు కిటికీ మీదే. మారింది ఒక్క వెలుతురే.

ఉపవాసం ఉన్నవాళ్లు ముఖం వాడ్చుకుని ఊరికి చాటకూడదనీ, తల దువ్వుకుని ముఖం కడుక్కుని మామూలుగా తిరగాలనీ మా ఇళ్లలో చిన్నప్పటి నుంచీ వింటాం. సంఘమంతా కలిసి చేసే ఉపవాస ప్రార్థన వేరు, అది అందరికీ తెలిసేదే. ఒంటరిగా పట్టే మ్రొక్కుబడి వేరు. అది బయటపడితే ఫలం పోయినట్టే భావిస్తారు. ఆవిడ ఎప్పుడో, ఒంగోలు వైపు, దీపాలు పెట్టే వేళ దాకా తిననని శుక్రవారాలను దేవునికి ఇచ్చి ఉంటారు. అక్కడ దీపాల వేళ ఏడాది పొడవునా పెద్దగా కదలదు. ఇక్కడ వేసవిలో పగలు సాగిపోతూనే ఉంటుంది. ఆవిడ దేశం మారారు కానీ షరతు మార్చలేదు. తన ఇంటి విందులో తను తినకపోతే అందరూ అడుగుతారు. అడిగితే అబద్ధమైనా చెప్పాలి, నిజమైనా చెప్పాలి. రెండూ కుదరవు కనుక విందునే జరుపుతున్నారు.

ఇది నా ఊహే. రుజువు లేదు. రుజువు కోసం అడిగితే ఏ వస్తువును పరీక్షిస్తున్నానో దాన్నే పాడుచేసినట్టవుతుంది. కాబట్టి అడగలేదు. మర్నాడు అమ్మాయికి చెప్పాను: రిహార్సల్ కాస్త ఆలస్యంగా మొదలుపెడదాం, నడకలు అవగానే గుడి ముందు పచ్చికలో సంజవెలుగులో ఫోటోలు తీయిద్దాం, అప్పటిదాకా పిల్లలకు సమోసాలూ పకోడీలూ పెడదాం, ఫోటోలయ్యాక భోజనం.

"మామ్, నీకు ఫోటోలంటేనే పడదు కదా?" అమ్మాయి నా వైపు కళ్లు చికిలించి చూసింది. "ఏదో ఉంది. సంథింగ్ ఈజ్ ఫిషీ."

"పెళ్లికూతురి తల్లిని. ఒక్క కోరిక ఉండకూడదా?"

అన్నయ్య అయితే సూటిగానే అడిగాడు. "ఏంటి, నిన్ను కూడా కలిపేసుకుందా ఆవిడ?" ఇది వియ్యపురాలి మాట కాదు, నా మాట, నా కోసం రమ్మని చెప్పాను. నా కోసమంటే అతను కాదనలేడు. వస్తానన్నాడు, ఫిర్యాదుతో సహా. హాలు అప్పగించాల్సిన వేళ గురించి ఆ గుడివాళ్లతో మాట్లాడి, శుభ్రం చేసే పని మేమే చూసుకుంటామని గడువు పొడిగించుకున్నాను. వియ్యపురాలికి ఫోన్ చేసి ఫోటోల సంగతి చెప్పాను. ఆవిడా అనుమానించే మనిషే కదా.

"ఫోటోలు ఎవరి ఆలోచన వదినగారూ?"

"నాదేనండి."

"ఊఁ," అన్నారు. అంతే.

ఆ శుక్రవారం ఆకాశం తొందరేమీ లేనట్టు వెలుగుతూనే ఉంది. అన్నయ్య మూడుసార్లు అమ్మాయిని నడిపించాడు, మూడుసార్లూ పాట కంటే ముందే చేరాడు. ఫోటోగ్రాఫర్ పిల్లలను పచ్చిక మీదకు తీసుకెళ్లాక అతను గుడి వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. పకోడీలు షుగరుకు పనికిరావని ముట్టలేదు. ముఖంలో చిరాకు పేరుకుంటోంది. ఇంకో పావుగంట ఆగితే పంతం మళ్లీ తలెత్తుతుందని నేను లోపల లెక్కవేసుకుంటున్నాను. అప్పుడు వచ్చారావిడ, చేతిలో స్టీలు డబ్బాతో.

"అన్నయ్యగారూ, ఇడ్లీలు. రాగి పిండి కలిపాను, మీకు పడతాయి. కారప్పొడి వేరే పెట్టాను."

అన్నయ్య డబ్బా వైపు, ఆవిడ వైపు చూశాడు. "మీరు తిన్నారా చెల్లెమ్మా?"

"ముందు మీరు కానివ్వండి."

"ఇదేంటి, తను తినకుండా నాకే పెడుతోంది," అని నా వైపు తిరిగాడు, ఆవిడకు వినబడేలాగే. "ఏం కలిపిందంటావ్?"

"కలిపేదాన్నైతే మీ అడ్వాన్స్ టోస్ట్ విన్నాక కలిపేదాన్ని," అన్నారావిడ. "ఫోన్‌లో తనతో మీరు నా గురించి ఏమన్నారో మా కోడలు చెప్పేసిందిలెండి."

అన్నయ్యకు నవ్వు ఆగలేదు. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రెండోది తింటూ, "మీరూ ఒకటి తీసుకోండి, నా అనుమానం తీరాలిగా," అని డబ్బా ఆవిడ ముందుకు జరిపాడు. ఆవిడ డబ్బా అందుకున్నారు. మూత పెట్టలేదు, తినలేదు. ఒడిలో పెట్టుకుని, వాళ్ల ఊళ్లో చేసే ఇడ్లీకీ ఇక్కడి ఇడ్లీకీ తేడా చెప్పడం మొదలుపెట్టారు. బియ్యం సంగతి, మినప్పప్పు సంగతి, నీళ్ల సంగతి. నేను ఆవిడ కళ్లనే చూస్తున్నాను. ఆ కళ్లు వరండా అవతల పార్కింగ్ లాట్ స్తంభాల మీద ఉన్నాయి. పచ్చిక మీద పిల్లల నీడలు కలిసిపోయాయి. మొదటి స్తంభం మినుకుమంది, ఆగింది, వెలిగింది. తర్వాత మిగిలినవి. ఆవిడ మాట మధ్యలో ఆపి, కళ్లు మూసి తెరిచేంత సేపు తల వంచి, డబ్బాలోంచి ఇడ్లీ ముక్క తీసుకున్నారు.

"తీరిందా అన్నయ్యగారూ?"

"తీరింది," అన్నాడు అన్నయ్య. అతను కూడా స్తంభాల వైపే చూస్తున్నాడని అప్పుడు నేను పట్టించుకోలేదు.

మర్నాడు అమ్మాయిని అతనే నడిపించాడు. పాట కంటే ముందే.

శుక్రవారం రాత్రి విందు చివర చేతులు కడుక్కునే చోట ఆవిడ నా పక్కన నిలబడ్డారు. "ఫోటోలు బాగా వస్తాయంటారా వదినగారూ?" అన్నారు. వస్తాయన్నాను. "మీరు ఒక్కదాంట్లోనూ లేరు," అన్నారు. తర్వాత పేపర్ టవల్‌తో ఒక్కొక్క వేలూ నిదానంగా తుడుచుకుంటూ, "అడిగే వాళ్లకి చెప్పొచ్చు. అడగని వాళ్లకి రుణపడిపోతాం," అన్నారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో మేం ఈ విషయం ఎత్తలేదు. శుక్రవారం వస్తే టీ ఇవ్వడం నేను మానలేదు. ఇవ్వకపోతే పక్కవాళ్లు గమనిస్తారు. ఆవిడ పట్టుకోవడం మానలేదు.

ఒక్కసారి మాత్రం నా లెక్క తప్పింది. నాకు చిన్న గడ్డ తేలి, పరీక్షకు పంపి, జవాబు కోసం ఎదురుచూస్తున్న రోజులవి. మా అమ్మాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. దాన్నీ ఎవరికీ చెప్పొద్దన్నాను. ఒక బుధవారం ఆవిడ గోంగూర పచ్చడి ఇచ్చిపోదామని వచ్చారు. తలకు తాజాగా నూనె. టీ ఇచ్చాను. మాటలు సాగాయి. మట్టం మారలేదు. బుధవారమేమిటని అనుమానం వచ్చి, అడగబోయి, ఆగాను. బయట దీపాలు వెలిగాక చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగి, "పెరుగు వాసన చూసుకుని వాడండి," అని చెప్పి వెళ్లారు. పరీక్ష ఫలితం మంచిదే వచ్చింది. తర్వాతి బుధవారం వచ్చినప్పుడు మధ్యాహ్నమే పకోడీలు చేయించుకుని తిన్నారు.

శుక్రవారాలు ఎవరి కోసమో నాకు తెలియదు. సమాధి కార్యక్రమం అయ్యాక వియ్యంకుడు తనంతట తనే ఆ సంగతి ఎత్తారు. "పెళ్లయిన కొత్తలో అడిగానండి. మీ కోసమే అనుకోండి, అంది. అప్పటి నుంచి అలాగే అనుకుంటున్నాను." ఆయనకు నా బుధవారం గురించి చెప్పలేదు. ఆయన శుక్రవారాలు ఆయనవే.

మొన్న ఆవిడ జ్ఞాపకార్థ కూడిక అదే గుడి హాల్లో జరిగింది. అనుకోకుండా శుక్రవారమే కుదిరింది, మళ్లీ జూన్. ప్రార్థన ముగిసి భోజనాలు మొదలయ్యేసరికి బయట ఇంకా పగలే. అన్నయ్య పళ్లెం తెచ్చుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. అన్నం కలపలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"తినవేం అన్నయ్యా? షుగరు మనిషివి."

"ఇందాకే బిస్కెట్లు తిన్నాలే," అన్నాడు, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "ఆగు. ఇంకా దీపాలు పెట్టలేదు."

నా చేతిలోని పళ్లెం ఒడిలో పెట్టుకున్నాను. మాకు ఎదురుగా మా అమ్మాయి గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. గ్లాసులో నీళ్ల మట్టం మారలేదు. బయట పార్కింగ్ లాట్‌లో స్తంభాలు ఇంకా బూడిదరంగు వెలుగులో ఊరికే నిలబడి ఉన్నాయి.